పాత ఈఈజీ క్యాప్‌ని ఆంప్లిఫయర్ బోర్డుకి కలిపితే ఛానెళ్లన్నీ అంచుకి కొట్టుకుంటున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నా?

వేణు_బీఎమ్ఈ:

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎంటెక్ చేస్తున్నా. కుడిచెయ్యి కదుపుతున్నట్టు, ఎడమచెయ్యి కదుపుతున్నట్టు మనసులో ఊహించుకుంటే ఈఈజీలో (తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తుని కొలవడం) సీ3, సీ4 దగ్గర, అంటే నడినెత్తికి ఎడమ, కుడి పక్కల, వచ్చే తేడాని పట్టుకోవడం నా ప్రాజెక్టు. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో ఓ పాత ఎలక్ట్రోడ్ క్యాప్ దొరికింది. తలమీద 19 ఎలక్ట్రోడ్లు, ముందు వైపు ఒక గ్రౌండ్, అన్ని తీగలూ ఒక రిబ్బన్‌లా వచ్చి చివర 25 పిన్నుల మేల్ కనెక్టర్‌లో ముగుస్తాయి. చెవులకి పెట్టే క్లిప్పులు మాత్రం ఎవరో పోగొట్టేశారు. ఆంప్లిఫయరేమో ఓపెన్‌బీసీఐ వాళ్ల సైటన్, 8 ఛానెళ్లు, దానికి మామూలు హెడర్ పిన్నులే ఉంటాయి. అంటే రెండూ నేరుగా కలవవు.

క్యాప్ కనెక్టర్ కోసేసి తీగలు విడదీద్దామా అనుకున్నా కానీ ధైర్యం చాలలేదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 25 పిన్నుల ఫీమేల్ కనెక్టర్ ఒకటి కొన్నా. దాని వెనక కప్పుల్లో జంపర్ వైర్లు సోల్డర్ చేసి, రెండో కొసలు బోర్డు పిన్నులకి గుచ్చా. రిఫరెన్స్ (మిగతా ఛానెళ్లన్నిటినీ పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్) కోసం ఆన్‌లైన్‌లో సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్న ఇయర్ క్లిప్ కొని బోర్డు రిఫరెన్స్ పిన్ను ఎస్ఆర్‌బీ2కి పెట్టా. క్యాప్ గ్రౌండ్ బయాస్ పిన్నుకి ఇచ్చా.

ఇప్పుడు సమస్య. సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిది ఛానెళ్లకీ 'రెయిల్డ్' (బోర్డు కొలవగల హద్దు దాటింది) అని ఎర్రగా వస్తోంది, గీత కూడా కదలదు. జెల్ మళ్లీ మళ్లీ పెట్టా, రెండు రోజులు ఇదే పని. బోర్డు పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది. దాని ఖరీదు మా గైడ్ ఇంకా మర్చిపోలేదు. ఎవరైనా చెప్పగలరా?

గుంటూరు_ఈఈజీ_టెక్:

తమ్ముడూ, ముందు బోర్డు గురించి బెంగ మానెయ్యి. అన్ని ఛానెళ్లూ ఒకేసారి పోయాయంటే తప్పు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లో ఉంటుంది, అంటే రిఫరెన్స్‌లోనో గ్రౌండ్‌లోనో. ఒక్క ఎలక్ట్రోడ్ చెడితే ఒక్క గీతే చెడుతుంది. నేను 18 ఏళ్లుగా హాస్పిటల్లో ఈఈజీ తీస్తున్నా, గీతలన్నీ ఒకేసారి పిచ్చిగా కొడితే నా చెయ్యి ముందు చెవి దగ్గరికే వెళుతుంది.

నువ్వు క్యాప్ కోయకుండా ఆగడం చాలా మంచి పని చేశావు. ఆ రిబ్బన్ తీగలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, ఒకసారి కోస్తే ఏది దేనిదో తెలియదు, మళ్లీ అతికించినా రెండు నెలలు తిరక్కుండానే ఒక్కొక్కటీ ఊడిపోతుంది. క్యాప్‌ని ఎప్పటికీ అలాగే ఉంచి, మధ్యలో అడాప్టర్ కట్టుకోవడమే పద్ధతి.

ఒక్కటి చెప్పు, క్యాప్‌లో లోహం ఏంటి? జెల్ రంధ్రంలోంచి టార్చి వేసి చూడు. తెల్లగా మెరుస్తూ గిన్నెలకి పూసే కళాయిలా ఉంటే అది తగరం. ముదురు బూడిద రంగులో, మెరుపు లేకుండా ఉంటే సిల్వర్ క్లోరైడ్. పాత క్యాప్‌లు చాలావరకు తగరమే. నువ్వు చెవికి పెట్టిందేమో సిల్వర్ క్లోరైడ్ అంటున్నావు. ఒకే రికార్డింగ్‌లో రెండు లోహాలు కలపకూడదని మాకు ట్రైనింగ్ మొదటి వారంలోనే చెప్తారు. ఎందుకో లెక్క చెప్పేవాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉంటారు, నేను మాత్రం చేసి చూసిందే చెప్తున్నా.

ఇప్పటికిప్పుడు తేలాలంటే ఇలా చెయ్యి. ఆ ఇయర్ క్లిప్ తీసేసి, క్యాప్‌లో నడినెత్తి మీదుండే సీజెడ్ ఎలక్ట్రోడ్ తీగనే ఎస్ఆర్‌బీ2కి పెట్టు. అప్పుడు రిఫరెన్స్, ఛానెళ్లు అన్నీ ఒకే లోహం అవుతాయి. ఎర్ర అక్షరాలు పోతాయో లేదో చూసి రాయి.

ఇంకోటి, ఎవరి తలమీద చేస్తున్నావు? తలకి నూనె ఉందా? కొబ్బరినూనె రాసుకుని వచ్చిన తలమీద ఎంత జెల్ పోసినా లాభం లేదు. మేం పేషెంట్లకి ముందురోజే చెప్తాం, కుంకుడుకాయతోనో షాంపూతోనో రుద్ది కడుక్కుని, కండిషనర్ కూడా రాయకుండా, పూర్తిగా ఆరాక రమ్మని.

సోల్డర్_శీను:

అక్క చెప్పిన లోహాల సంగతికి లెక్క నేను చెప్తా.

ఏ లోహాన్నైనా ఉప్పు జెల్‌లో పెడితే దాని మీద దానికంటూ ఒక వోల్టేజి పుడుతుంది. ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే సిల్వర్ క్లోరైడ్‌ది సుమారు +0.22 వోల్టులు, తగరానిది సుమారు -0.14. జెల్‌లో ఉప్పు గాఢతని బట్టి ఈ అంకెలు అటూఇటూ జరుగుతాయి కానీ తేడా మాత్రం 360 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. ఒక వైపు తగరం, ఇంకో వైపు సిల్వర్ క్లోరైడ్ పెడితే మధ్యలో నువ్వొక చిన్న బ్యాటరీ తయారుచేసినట్టే.

ఇక బోర్డు వైపు చూడు. సైటన్‌లో ఉన్నది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఏడీఎస్1299 చిప్. దాని రిఫరెన్స్ వోల్టేజి 4.5. మామూలుగా గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) 24లో ఉంటుంది. 4.5ని 24తో భాగిస్తే 187.5 మిల్లీవోల్టులు, అటు ప్లస్ ఇటు మైనస్, అంతవరకే అది కొలవగలదు. నీ క్లిప్ ఒక్కటే దానికి రెట్టింపు దగ్గర ఇస్తోంది. మెదడు నుంచి వచ్చేది పదుల మైక్రోవోల్టులు, అది ఆ బ్యాటరీ మీద కూర్చుని ఉంటుంది, చిప్ అసలు అక్కడిదాకా చూడనే లేదు. ఎనిమిది ఛానెళ్లకీ రిఫరెన్స్ అదొక్కటే కాబట్టి అన్నీ ఒకేసారి అంచుకి కొట్టుకున్నాయి.

గెయిన్ 8కి తగ్గిస్తే 562 మిల్లీవోల్టుల దాకా పడుతుంది, ఎర్ర అక్షరాలు పోతాయి, పని అయిపోయిందనిపిస్తుంది. అలా చెయ్యొద్దు. ఆ వోల్టేజి స్థిరంగా నిలబడదు, చెమట పట్టినా తల కదిపినా మెల్లగా జారుతూనే ఉంటుంది, నీ గీత రోజంతా తేలుతూ ఉంటుంది.

వేణు_బీఎమ్ఈ:

అక్కా, శీనన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. టార్చి వేసి చూశా, మెరిసే తెల్ల లోహమే. సీజెడ్‌ని రిఫరెన్స్‌కి పెట్టగానే ఎర్ర అక్షరాలు పోయాయి!! రెండు రోజుల తర్వాత మొదటిసారి గీతలు కదిలాయి. మా ఫ్రెండ్ తలే, నూనె రాసుకునే వచ్చాడు, అడిగితే అప్పుడు చెప్పాడు. కడిగించా.

కానీ ఇంకా రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, అన్ని గీతల మీదా మందంగా 50 హెర్ట్జ్ కరెంటు లైను గోల. రెండోది నాకు అసలు అర్థం కావట్లేదు. రెప్ప కొట్టమంటే నుదుటి మీది ఎఫ్‌పీ1లో పెద్ద గుట్ట రావాలి కదా, అది ఓ1 అని నేను రాసుకున్న ఛానెల్లో వస్తోంది. ఓ1 ఉండేది తల వెనకాల! ఎఫ్‌పీ1 అనుకున్నది ప్రశాంతంగా ఉంది.

కనెక్టర్ వివరాలు: క్యాప్ పుస్తకంలో మేల్ కనెక్టర్ బొమ్మ ఎదురుగా చూసినట్టు ఉంది. నాది ఫీమేల్ కదా, దానికి అద్దంలో బొమ్మలా తిరగబడుతుందని, కుడి ఎడమలు మార్చి సోల్డర్ చేశా. పుస్తకం ప్రకారం ఎఫ్‌పీ1 2వ పిన్ను, సీజెడ్ 7, ఓ1 12, గ్రౌండ్ 14. 25 ఖాళీ.

సోల్డర్_శీను:

దొరికింది. నువ్వు ఒకసారి ఎక్కువ తిప్పావు.

మేల్ కనెక్టర్‌ని ఎదురుగా, 13 పిన్నుల వరస పైకి పెట్టి చూస్తే 1వ పిన్ను ఎడమ చివర. ఫీమేల్‌ని ఎదురుగా చూస్తే 1 కుడి చివరకి వెళుతుంది, అక్కడిదాకా నువ్వు అనుకున్నది సరిగ్గానే ఉంది. కానీ నువ్వు సోల్డర్ చేసింది ఎదురు వైపు కాదు కదా, వెనక కప్పుల్లో. కనెక్టర్‌ని వెనక్కి తిప్పగానే 1 మళ్లీ ఎడమకి వచ్చేస్తుంది. అంటే ఫీమేల్ వెనక వైపు, మేల్ ముందు వైపు బొమ్మ రెండూ ఒకటే. బొమ్మని ఉన్నదున్నట్టు దించితే సరిపోయేది.

తిరగేసి చేస్తే ఏమవుతుందో నీ అంకెలతోనే చూడు. పై వరసలో 14లోంచి పిన్ను సంఖ్య తీసెయ్యి: 2 పోయి 12 అవుతుంది, 12 పోయి 2 అవుతుంది. ఎఫ్‌పీ1, ఓ1 తారుమారు, రెప్ప గుట్ట వెనక్కి ఎందుకు పోయిందో అదే. 7 మాత్రం మళ్లీ 7, సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి, అందుకే సీజెడ్ రిఫరెన్స్ నిజంగా సీజెడ్డే అయి పనిచేసింది. కింది వరసలో 39లోంచి తీసెయ్యాలి: 14 పోయి 25. నువ్వు గ్రౌండ్ అనుకుని బయాస్‌కి ఇచ్చిన తీగ ఖాళీ పిన్నుకి వెళ్లింది. గ్రౌండే లేకుండా రెండు రోజులు రికార్డు చేశావు. 50 హెర్ట్జ్ గోలలో ఎక్కువ భాగం అక్కడిదే, ఎందుకంటే ఆ బయాస్ తీగ పనే శరీరమంతటా ఒకేలా ఎక్కే కరెంటు గోలని తిరగేసి ఒంట్లోకి వెనక్కి పంపి అణచడం.

మళ్లీ సోల్డర్ చేసే ముందు బొమ్మల్ని పక్కన పెట్టు. కనెక్టర్ ప్లాస్టిక్ మీద ప్రతి పిన్ను పక్కన బియ్యపు గింజలో పదోవంతు సైజులో అంకె పోతపోసి ఉంటుంది, ఫోన్ కెమెరా జూమ్ చేసి, లైటు పక్క నుంచి పడేలా పెడితే కనబడుతుంది. ఆ అంకెనే నమ్ము. తర్వాత మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ క్యాప్‌లో ఎలక్ట్రోడ్ లోహానికి, ఇంకోటి నీ జంపర్ చివరకి, 20 తీగలూ ఒక్కొక్కటీ చూసి కాగితం మీద రాసుకో. అరగంట పని. బీప్ వస్తున్నప్పుడు తీగని అటూఇటూ మెల్లగా వంచు, మధ్యలో బీప్ తెగితే లోపల తీగ విరిగిందన్నమాట.

ఇదంతా క్యాప్ బల్ల మీద ఉన్నప్పుడే. మనిషి తలమీద ఉండగా మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడకు. అది డీసీ కరెంటు పంపిస్తుంది, ఎలక్ట్రోడ్ పోలరైజ్ అవుతుంది (దాని మీద ఛార్జి పేరుకుంటుంది), వచ్చే అంకె కూడా అబద్ధం. తలమీద ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య అడ్డు) చూడాలంటే ఏసీతోనే. నీ బోర్డే నానోఆంపియర్లలో చిన్న ఏసీ పంపించి చూస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆప్షన్ ఉంది.

రామ్‌చరణ్‌_ఈసీఈ:

మంచి చర్చ, నేనూ ఇలాంటిదే చేస్తున్నా. చిన్న డౌట్. బోర్డు లోపలికి ఎంత సిగ్నల్ వస్తుందో చూడ్డానికి, మనిషి క్యాప్ పెట్టుకుని ఉండగానే ల్యాబ్ సీఆర్‌ఓ (ఆసిలోస్కోప్) ప్రోబ్ అడాప్టర్‌కి తగిలించి చూడొచ్చా? ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంటే పర్లేదా?

మ్యూనిక్_తెలుగమ్మాయి:

వద్దు, దయచేసి ఆ పని చెయ్యకండి. అందుకోసమే లాగిన్ అయ్యాను.

సీఆర్‌ఓ ప్రోబ్ నల్ల క్లిప్ నేరుగా గోడ సాకెట్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. మీ బోర్డు బ్యాటరీ మీద, వైర్‌లెస్‌గా నడవడంలో ఉన్న రక్షణంతా ఏంటంటే, మనిషి ఒంటికీ కరెంటు లైనుకీ మధ్య దారి లేకపోవడం. మీరు క్లిప్ పెట్టగానే ఆ దారి తెరిచినట్టే. జెల్ పెట్టి చర్మం రుద్ది మరీ ఇంపీడెన్స్ తగ్గించిన ఒళ్లు అది, పొడి చర్మం ఇచ్చే అడ్డు కూడా అక్కడ లేదు. ఆ మనిషి పక్కనే ఉన్న కూలరో, పాత టేబుల్ ఫ్యానో లీకేజీతో ఉండి చెయ్యి తగిలిందనుకోండి, కరెంటు ఒంట్లోంచి మీ క్లిప్ ద్వారా ఎర్త్‌కి పోతుంది. మన ల్యాబుల్లో ఎర్తింగ్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. సీఆర్‌ఓలో చూడాలంటే మనిషి స్థానంలో రెసిస్టర్లు, సిగ్నల్ జనరేటర్ పెట్టి చూడండి.

ల్యాప్‌టాప్ కూడా చార్జర్ తీసేసి వాడండి. సైటన్ రేడియో డాంగిల్‌తో మాట్లాడుతుంది కాబట్టి తీగ కలవదు, అయినా చార్జర్ తీసేస్తే గోల కూడా తగ్గుతుంది.

వేణు గారు, మీ అడాప్టర్ గురించి ఒకటి. ఆ జంపర్ల చివర లోహం బయటికి కనబడుతూ ఉంటుంది కదా. ఇప్పుడు ఆస్పత్రి ఈఈజీ తీగలకి చివర 1.5 మిల్లీమీటర్ల టచ్‌ప్రూఫ్ (లోహం బయటికి తగలని) ప్లగ్గులు ఎందుకుంటాయో తెలుసా? ఒకప్పుడు ఎలక్ట్రోడ్ తీగల చివర ఉత్త లోహపు పిన్ను ఉండేది. అమెరికాలో పసిపిల్లల ఒంటికి అంటించిన తీగల పిన్నులు పొరపాటున కరెంటు తీగ సాకెట్లోకి దూరి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే 1997లో అక్కడి వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి పిన్నులు వాడకూడదని నియమం తెచ్చింది. మీ ఫ్రెండ్ తలకి తగిలించిన తీగల చివర్లు కూడా అలాంటివే. అడాప్టర్ మొత్తం ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, బోర్డుని కూడా అందులోనే బిగించి, జంపర్లకి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) వేయండి. రికార్డింగ్ చేసే బల్ల మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఉండనివ్వకండి.

ఇంకో మాట. యాక్టివ్ ఎలక్ట్రోడ్ క్యాప్ దొరికితే ఈ పద్ధతిలో కలపొద్దు. ఎలక్ట్రోడ్‌లోనే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి కరెంటు సరఫరా కావాలి, మామూలుగా ఆ కంపెనీ సొంత యంత్రంతోనే పనిచేస్తుంది. బయోసెమీ వాళ్లదైతే మామూలు గ్రౌండ్ బదులు సీఎంఎస్, డీఆర్ఎల్ అని రెండు ఎలక్ట్రోడ్లు వేరేగా ఉంటాయి. ప్లగ్గు సరిపోయినంత మాత్రాన క్యాప్ సరిపోయినట్టు కాదు.

వేణు_బీఎమ్ఈ:

నిన్న రాత్రి మళ్లీ సోల్డర్ చేశా, అంకెలు చూసి, బీప్ పెట్టి, కాగితం మీద రాసుకుని. మేడమ్ చెప్పినట్టు డబ్బాలో పెట్టా, టిఫిన్ డబ్బా లాంటిదే, పక్కన రంధ్రం చేసి కనెక్టర్ బిగించా. పొద్దున్న పెట్టి చూస్తే 50 హెర్ట్జ్ దాదాపు లేదు, ట్యూబ్‌లైట్ ఆపితే ఇంకా తగ్గింది. కరెంటు గోలని కోసేసే నాచ్ ఫిల్టర్ 60లో ఉంది, 50కి మార్చా.

రెప్ప కొడితే ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2లో గుట్ట. తర్వాత మావాడిని కళ్లు మూసుకోమన్నా. ఒక రెండు సెకన్లు ఏమీ లేదు, ఆ తర్వాత ఓ1, ఓ2లో నీటి మీద అలల్లా సెకనుకి పది, వరసగా, గుండ్రంగా వచ్చాయి. కళ్లు తెరవమంటే టక్కున ఆగిపోయాయి. మళ్లీ మూస్తే మళ్లీ వచ్చాయి. పుస్తకంలో, మనిషి ఈఈజీని మొదట తీసిన బెర్గర్ 1929లో రాశాడని చదివిందే, కానీ నా చేత్తో సోల్డర్ చేసిన తీగలోంచి వస్తుంటే ఒళ్లు జలదరించింది. మా గైడ్‌ని పిలుచుకొచ్చి చూపించా, ఆయన కుర్చీ లాక్కుని పావుగంట కూర్చున్నారు.

రెండు డౌట్లు మిగిలాయి. సీజెడ్‌నే రిఫరెన్స్‌గా ఉంచెయ్యొచ్చా? పైగా టీ3 తీగ వంచితే బీప్ తెగుతోంది, దాన్ని వదిలేద్దామా?

గుంటూరు_ఈఈజీ_టెక్:

చాలా సంతోషం తమ్ముడూ. ఆ ఆల్ఫా అలలు మొదటిసారి చూసిన రోజు నాకూ గుర్తుంది.

సీజెడ్ పరీక్షకి సరే, నీ ప్రాజెక్టుకి మాత్రం వద్దు. నీకు కావలసింది సీ3, సీ4. సీజెడ్ ఆ రెండిటి మధ్యలో, పక్కనే ఉంది, మూడూ దాదాపు ఒకే సంగతి వింటాయి. పక్కవాడితో పోల్చి కొలిస్తే తేడా చిన్నదైపోతుంది. తగరం ఇయర్ క్లిప్పులు విడిగా అమ్ముతారు, అవి తెప్పించుకో, క్యాప్ లోహం, క్లిప్ లోహం ఒకటే ఉండాలి. సిల్వర్ క్లిప్ పారెయ్యకు, సిల్వర్ క్యాప్ దొరికిన రోజున పనికొస్తుంది.

టీ3 నీకు అవసరం లేదు, వదిలెయ్. ఒకటి గుర్తుంచుకో, పాత క్యాప్‌ల మీద టీ3, టీ4, టీ5, టీ6 అని ఉన్నవే కొత్త సాఫ్ట్‌వేర్లలో టీ7, టీ8, పీ7, పీ8. అది చూసి మళ్లీ తీగలు మార్చావనుకో, మొదటికొస్తుంది. సీ3, సీ4 పేర్లు మారలేదు.

పెట్టేటప్పుడు టేపు వాడు. ముక్కు మొదట్లో గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా కొలువు. 36 సెంటీమీటర్లు వస్తే అందులో పదోవంతు, అంటే 3.6 దగ్గర నుదుటి మీద గుర్తు పెట్టి, ఎఫ్‌పీ1, ఎఫ్‌పీ2 ఆ ఎత్తులో వచ్చేలా లాగు. ఒక చెవి నుంచి ఇంకో చెవికి, ముక్కు నుంచి బొడిపెకి, రెండు మధ్యలూ కలిసే చోట సీజెడ్ ఉండాలి. మొండి సూది సిరంజితో వెంట్రుకలు పక్కకి జరిపి, అడుగున చర్మం తగిలాక కొంచెం రుద్ది, జెల్ వదులుతూ పైకి రా. 5 కిలోఓమ్‌ల లోపు వస్తే మేలు, అంతకంటే ముఖ్యం అన్నీ ఇంచుమించు ఒకేలా ఉండటం. ఎక్కువ పోస్తే పక్క ఎలక్ట్రోడ్ జెల్‌తో కలిసిపోతుంది, అప్పుడు రెండు గీతలూ కవలల్లా ఒకేలా కనబడతాయి, అది మెదడు చెప్పే మాట కాదు.

అయ్యాక గోరువెచ్చని నీళ్లలో వెంటనే కడుగు, జెల్ ఎండనివ్వకు, తగరం తుప్పు పట్టేది అలాగే. 25 పిన్నుల కనెక్టర్ మాత్రం తడవకూడదు, దానికి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేసి, అప్పుడు కుళాయి తిప్పు. నీడలో వేలాడదీసి ఆరబెట్టు.

క్లిప్పులు వచ్చాక ఎవరెవరిని పిలుస్తున్నావో వాళ్లకి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి నూనె పెట్టుకోవద్దని చెప్పు, పొద్దున్న చెప్తే ఆలస్యమైపోతుంది.